ఆదివారం వచ్చిన గురువారం

"రెండో సన్నం నూడుల్స్ ఒకటి. మిరపనూనె దండిగా. ముల్లంగి మాత్రం వద్దు."

చైనాలోని లాన్‌జౌలో పొద్దున్నే బీఫ్ నూడుల్స్ తినేవాళ్ళు లక్షల్లో ఉంటారు గాని, అందులో ముల్లంగి ముక్కలు వద్దనేవాళ్ళు రెండు రకాలే. ఒకరు మతి చెడినవాళ్ళు, రెండోవాళ్ళు కబురు కోసం వచ్చినవాళ్ళు. ఆ నాలుగు ముక్కలూ హెస్టర్ క్వేల్ వచ్చీరాని యాసలో, పక్క బల్లల వాళ్ళు నవ్వుకునేలా పలికింది.

పిండిని బారెడేసి సాగదీస్తున్న మిన్ తల ఎత్తలేదు. అరవై ఏళ్ళ మనిషి. తెల్ల టోపీ, మోచేతుల దాకా పిండి.

"ముల్లంగి లేకపోతే పులుసు ఏడుస్తుంది, చెల్లెమ్మా."

"ఏడవనీ అన్నా. ఓదార్చడానికి నేనున్నాగా."

కోడ్ సరిపోయింది. మిన్ పిండి ముద్దని కొడుకు చేతిలో పడేసి, చేతులు తుడుచుకుంటూ వెనక వంటింట్లోకి నడిచాడు. చేతులు కడుక్కునే నెపంతో హెస్టర్ వెంట వెళ్ళింది. శుక్రవారం, ఉదయం ఏడు గంటలు.

హెస్టర్ వయసు యాభై ఒకటి. ఊరు టాస్మేనియాలో. రోడ్డుకి అవతలున్న యూనివర్సిటీలో మూడు వారాలుగా మొదటి సంవత్సరం పిల్లలకి ఇంగ్లీషు మాట్లాడటం నేర్పుతోంది. పాస్‌పోర్టు అసలుదే, డిగ్రీ అసలుదే. ఏడు దేశాలు కలిసి నడిపే గూఢచారుల బ్యూరో పిలవకముందు తొమ్మిదేళ్ళు పంతులమ్మగా చేసిన మాటా అసలుదే. ఒక్కటే అబద్ధం. చైనీస్ రాదని చెప్పుకుంది. భాష రానివాళ్ళ ముందు జనం గుట్టంతా విప్పుతారని పై ఆఫీసు వాళ్ళ తెలివి. ఆ తెలివి కొంప ముంచబోతుందని అప్పటికి ఎవరికీ తెలియదు.

మిన్ జేబులోంచి సన్నటి కాగితం తీశాడు.

"హెరాన్ పంపాడు. చదువు."

హెరాన్ అంటే శత్రువుల ముఠాలో బ్యూరో మనిషి. అతని అసలు పేరు, ముఖం హెస్టర్‌కి తెలియవు, తెలియకూడదు కూడా. ముఠా పేరు సైలో. ఏడు దేశాల్లో బంగాళదుంప పంటకి తెగులు అంటించి, ఆ తెగులుకి మందు తనే అమ్ముకునే ముఠా అది. కాగితం మీద రెండే వాక్యాలున్నాయి.

"మూ జిన్‌లాన్. వచ్చే గురువారం, మూడో పీరియడ్, 412 గది, గుండెపోటులా కనిపిస్తుంది."

హెస్టర్ ఆ వాక్యాలు రెండుసార్లు చదివింది. 412 ఆమె క్లాసే. మూ జిన్‌లాన్ ఆమె శిష్యురాలే.

శిష్యురాలంటే పద్దెనిమిదేళ్ళ పిల్ల కాదు. యాభై ఎనిమిదేళ్ళ ప్రొఫెసర్. తెగులు సోకని బంగాళదుంపని తయారుచేసిన మనిషి. వచ్చే నెల లీమాలో జరిగే సభలో ఆ పద్ధతి మొత్తం ప్రపంచానికి ఉచితంగా చెప్పేస్తానని పట్టు పట్టింది. అదీ ఇంగ్లీషులో, తన నోటితో చెబుతుందట. అందుకని మనవరాళ్ళ వయసు పిల్లల మధ్య మొదటి వరసలో కూర్చుని "హౌ ఆర్ యూ" నుంచి మొదలెట్టింది. క్లాసులో అందరూ ఇంగ్లీషు పేరు పెట్టుకోవాలంటే "పొటాటో" అని పెట్టుకుంది. ఇంటి దగ్గర, ల్యాబ్ దగ్గర కాపలాకి ఒప్పుకుంది గాని క్లాసు దగ్గరకి మాత్రం ససేమిరా అంది. "పసిపిల్లల మధ్య పోలీసులా? నాకు ఇంగ్లీషు వచ్చినట్టే ఇక," అందట.

"వచ్చే గురువారం రెండో తారీఖు," అన్నాడు మిన్. "జాతీయ సెలవులు. ఊరు ఊరంతా రైళ్ళెక్కి పోతుంది. మీ 412కి తాళం. హెరాన్ సెలవులు మర్చిపోయి ఉంటాడు, ఆ పై గురువారం అని అర్థం, అంటున్నారు పైవాళ్ళు. అంటే తొమ్మిది. ఏడో తారీఖుకి నలుగురు వస్తారట. అందాకా నిన్ను కదలొద్దన్నారు."

"హెరాన్ ఇంతవరకు ఒక్కసారన్నా తప్పు చెప్పాడా అన్నా?"

"లేదు."

"మూడో పీరియడ్ ఎప్పుడో తెలిసినవాడికి, సెలవులెప్పుడో తెలీదా?"

మిన్ బుగ్గ గోక్కున్నాడు. బుగ్గకి పిండి అంటుకుంది. "నేను నూడుల్స్ లాగేవాణ్ణి చెల్లెమ్మా. నాకు పైవాళ్ళు ఎంత చెబితే అంత. నువ్వు తిను ముందు, చల్లారిపోతోంది."

ఆమెకి తినబుద్ధి కాలేదు. రెండు ముద్దలు మింగి లేచింది.

ఆ రోజు, మర్నాడు హెస్టర్ కాలుగాలిన పిల్లిలా తిరిగింది. విదేశీ నిపుణుల భవనంలో ఆమె గది రెండో అంతస్తు. కిటికీ దగ్గర నుంచి తలుపు దాకా పదకొండు అడుగులు. శుక్రవారం సాయంత్రానికి ఆ పదకొండు అడుగులూ ఎన్నిసార్లు కొలిచిందో లెక్కలేదు. శనివారం పొద్దున్న ఖాళీ 412లోకి వెళ్ళి, స్లయిడ్లు మార్చే క్లిక్కర్ పట్టుకుని గోడలూ బల్లలూ అంతటా తిప్పింది. చూడ్డానికి అది క్లిక్కరే. దాచిన మైకు గాని మందుపాతర గాని ఉంటే దాని కొసన ఎర్ర దీపం వెలుగుతుంది. ఎక్కడా వెలగలేదు. గది కడిగిన ముత్యంలా ఉంది. దాంతో ఆమెకి ఇంకా భయం వేసింది.

మెట్లు దిగుతుంటే లూసియెన్ ఎదురయ్యాడు.

లూసియెన్ ఫ్రెంచి పాఠాలు చెబుతాడు. ఎనిమిదేళ్ళుగా అక్కడే ఉన్నాడు. నలభై దాటినా ముప్పై రెండనిపిస్తాడు. మెడలో పట్టు కండువా, కోటు జేబులో వెండి పెన్ను, పెదవి మీద ఎప్పుడూ సగం నవ్వు. అతని క్లాసుకి ఫ్రెంచి అక్కర్లేని పిల్లలు కూడా వచ్చి గోడలకి ఆనుకుని నిలబడతారు. క్యాంటీన్లో వడ్డించే ఆవిడ అతని పళ్ళెంలో ఒక గరిటె ఎక్కువే వేస్తుంది. హెస్టర్‌కి ఆ మనిషి మీద కోపమేమీ లేదు. అంత అందం పొద్దున్నే భరించలేనని మాత్రం అనుకునేది.

"శనివారం కూడా క్లాసు గదిలో పనేంటి హెస్టర్? ముఖం చూడు, ఎంత పీక్కుపోయిందో. రెండు రాత్రుళ్ళు నిద్ర లేనట్టుంది."

"ప్రశ్నపత్రాలు రాసుకుంటున్నా."

"రేపు ఆదివారం. ఫోన్ కట్టేసి మధ్యాహ్నం దాకా పడుకో. నాకైతే కొండలెక్కాలనుంది. ఈ ఊళ్ళో నిన్ను లేపేవాళ్ళెవరూ ఉండరు."

ఎంత మంచి మనసు, అనుకుంది హెస్టర్. ఫోన్ మాత్రం కట్టెయ్యలేదు.

ఆదివారం పొద్దున్న పది గంటలకి మళ్ళీ మిన్ హోటల్లోనే ఉంది. పొద్దుటి రద్దీ తగ్గింది. మిన్ ఎదురుగా కూర్చుని వెల్లుల్లి వలుస్తున్నాడు.

"ఒకచోట కూర్చోవేం చెల్లెమ్మా. నా గచ్చు అరిగిపోతోంది."

"ఏదో చూడటం లేదు అన్నా మనం. కళ్ళెదురుగానే ఉంది."

"కళ్ళెదురుగా ఉన్నది నూడుల్స్. తిను."

ఆమె కూర్చుని చాప్‌స్టిక్స్ తీసేసరికి ఫోన్ మోగింది. ఛూ వాన్‌యింగ్. హెస్టర్ క్లాసుకి మానిటర్. చీమ చిటుక్కుమన్నా పుస్తకంలో రాసుకునే పిల్ల.

"టీచర్, ఎక్కడున్నారు? బెల్లయి రెండు నిమిషాలయింది."

"ఏం బెల్లమ్మా? ఇవాళ ఆదివారం."

"కాదు టీచర్. ఇవాళ గురువారం."

హెస్టర్ చేతిలో చాప్‌స్టిక్స్ ఆగిపోయాయి.

"బుధవారం నుంచి సెలవులు కదా టీచర్. వచ్చే గురువారం క్లాసులు పోతాయి కదా. వాటిని ఇవాళ పూడుస్తున్నారు. నోటీసు పెట్టి వారమైంది. గ్రూపులో..." వాన్‌యింగ్ గొంతు సన్నబడింది. "అయ్యో. ఆ గ్రూపు చైనీస్‌ది. మీకు రాదని మిమ్మల్ని చేర్చలేదు. క్షమించండి టీచర్, తప్పు నాదే."

వచ్చే గురువారం. మూడో పీరియడ్. హెరాన్ ఒక్క అక్షరం కూడా తప్పు చెప్పలేదు. వచ్చే గురువారం ఆదివారం నాడు వచ్చింది, అంతే. ఆ సంగతి నలభై మంది పిల్లలకి తెలుసు, వంటవాళ్ళకి తెలుసు, తోటమాలికి తెలుసు. ఏడు దేశాల గూఢచారుల ఆఫీసుకి తెలియదు. చైనీస్ రాని పంతులమ్మకి ఎవరూ చెప్పలేదు.

"కంగారు పడకండి టీచర్," అంది వాన్‌యింగ్. "లూసియెన్ సార్ వచ్చారు. మీరొచ్చేదాకా కబుర్లు చెబుతానన్నారు. పొటాటోకి మంచి టీ పొట్లం తెచ్చారు, ఎనిమిది రకాల పూలూ పళ్ళూ కలిపినది. పెద్ద పటికబెల్లం ముక్క సార్ తన చేత్తోనే వేశారు. ఫోన్ స్పీకర్‌లో పెట్టాను టీచర్, అందరూ మీకు హలో చెబుతున్నారు!"

నలభై గొంతులు హలో అన్నాయి. వాటి వెనకాల లూసియెన్ నవ్వు తియ్యగా వినిపించింది. నిన్న ఫోన్ కట్టేసి మధ్యాహ్నం దాకా పడుకోమన్నది ఇతనే.

టీ తాగనివ్వకు అని అరవాలని హెస్టర్ నాలుక చివరిదాకా వచ్చింది. మింగేసింది. అరిస్తే లూసియెన్ వింటాడు. అతను నిలబడింది మొదటి వరస పక్కనే. పటికబెల్లం పారకపోతే ఇంకోటేదో సిద్ధంగా పెట్టుకునే వచ్చి ఉంటాడు.

"నిద్రపోయానమ్మా," అంది బద్ధకంగా. "ముఖం కడుక్కుని వస్తాను. తొందరేం లేదు, సార్‌ని కబుర్లు చెప్పమను."

ఫోన్ పెట్టేసింది. లేచిన ఊపుకి స్టూలు వెనక్కి పడింది.

"అన్నా, గురువారం ఇవాళే! లూసియెన్. టీలో. మనవాళ్ళని పంపు!"

"మనవాళ్ళు ఏడో తారీఖుకి గదా..." మిన్ వెల్లుల్లి పక్కకి తోసేశాడు. "ఇద్దరు ముసలాళ్ళున్నారు. రిటైరైనవాళ్ళు. ఇప్పుడే పంపుతా. అరగంట పడుతుంది."

అప్పటికే హెస్టర్ రోడ్డు మీద ఉంది.

ఆ ఊళ్ళో టీ తాగే తీరు ఆమెకి తెలుసు. మొదటి నీళ్ళు పారబోస్తారు. రెండో నీళ్ళు పోసి మూత పెట్టి, పటికబెల్లం కరిగేదాకా ఆగుతారు. కరక్కముందు తాగేవాణ్ణి తిండికి మొహం వాచినవాడంటారు. ప్రొఫెసర్ మూ పాతకాలపు మనిషి, చివరి పలుకు కరిగేదాకా సీసా మూత తీసి చూసుకుంటూ ఉంటుంది. పెద్ద ముక్క అంది వాన్‌యింగ్. పెద్ద ముక్క కరగడానికి పదిహేను నిమిషాలు పట్టొచ్చు. పన్నెండే పట్టొచ్చు.

పడమటి గేటు దగ్గర ముఖం గుర్తుపట్టే యంత్రం ఆమెని గుర్తుపట్టలేదు. చెమటతో, విడిన జుట్టుతో ఉన్న ఆ ముఖం దాని లెక్కలో హెస్టర్ క్వేల్‌ది కాదు.

"ఇంకోసారి చూడండి," అన్నాడు వాచ్‌మన్. "కొంచెం నవ్వండి."

హెస్టర్ నవ్వింది. ఆ నవ్వు చూసి వాచ్‌మన్ రెండడుగులు వెనక్కి వేసి, చేత్తోనే గేటు తీశాడు.

లోపల ఇంకో గండం. వేరే శాఖల కొత్త పిల్లలకి మిలటరీ డ్రిల్లు నడుస్తోంది. ఆకుపచ్చ బట్టల్లో వెయ్యి మంది రోడ్డుకి అడ్డంగా కవాతు చేస్తున్నారు. చుట్టు తిరిగి వెళితే ఐదు నిమిషాలు. హెస్టర్ తల వంచి వరసల మధ్యలోకి దూరింది. "హలో టీచర్!" అంటూ ఒకడు చెయ్యి ఊపాడు. వాడి చెయ్యి పక్కవాడి టోపీకి తగిలింది, పక్కవాడు ముందువాడి మడమ తొక్కాడు, వరస మొత్తం కకావికలైంది. డ్రిల్లు మాస్టారి తిట్లు ఆమెని మెట్ల దాకా తరిమాయి.

నాలుగు అంతస్తులు. మూడో అంతస్తులో మోకాలు పట్టేసింది. పంటి బిగువున ఎక్కింది. ఆవిడకేమైనా అయితే ఈ జన్మలో మళ్ళీ క్లాసు గది గుమ్మం తొక్కలేననిపించింది. గూఢచారిగా అనుకున్న మాట కాదది, పంతులమ్మగా అనుకుంది.

412 తలుపు తోసేసరికి గోడ గడియారం పది ఇరవై మూడు చూపిస్తోంది.

లూసియెన్ బోర్డు ముందు నిలబడి పారిస్ వానల గురించి చెబుతున్నాడు. పిల్లలు నోళ్ళు తెరుచుకుని వింటున్నారు. మొదటి వరసలో ప్రొఫెసర్ మూ గాజు సీసా మూత తీసి లోపలికి చూసింది. ముక్క కరిగిపోయింది. తృప్తిగా తలాడించి సీసా ఎత్తింది. అంచు పెదవి దాకా వచ్చింది.

"పరీక్ష!" అని కేక పెట్టింది హెస్టర్.

ఆ దేశంలో ఆ మాటకున్న బలం ఫిరంగికి కూడా లేదు. ఆరేళ్ళ వయసు నుంచి ఆ మాట వింటే చాలు, చేతులు వాటంతట అవే కదులుతాయి. నలభై సంచులు ఒక్కసారి జిప్పులు మూసుకున్నాయి. ముప్పై ఏళ్ళు ఇన్విజిలేటర్‌గా నిలబడిన ప్రొఫెసర్ మూ అందరికంటే ముందు కదిలింది. సీసా దించి, మూత బిగించి, లేచి నిలబడి వెనక్కి తిరిగింది.

"ఏం చూస్తున్నారు? సంచులు, సీసాలు అన్నీ ముందుకి! బల్ల మీద పెన్సిల్ తప్ప ఏదీ కనబడకూడదు!"

ఆవిడే తన సీసా తెచ్చి టీచర్ బల్ల మీద పెట్టింది. హెస్టర్ దాని మీద చెయ్యి వేసింది.

"మొదటి నెల్లోనే పరీక్షా?" లూసియెన్ సగం నవ్వు అలాగే ఉంది. కళ్ళు మాత్రం సీసా మీదున్నాయి. "పాపం పిల్లలు. సరే, నేను పోతాను మరి."

"వీల్లేదు సార్," అంది వాన్‌యింగ్. "ఒక్కో గదికి ఇద్దరు ఇన్విజిలేటర్లు ఉండాలి. మొదటి ముప్పై నిమిషాలు గదిలోంచి ఎవరూ వెళ్ళకూడదు. రూల్." అంటూనే తలుపు గడియ పెట్టింది. ఒక బుట్ట తీసుకుని వరసల వెంట నడవడం మొదలుపెట్టింది. ఫోన్లు, పెన్నులు టపటపా బుట్టలో పడుతున్నాయి. చివరికి లూసియెన్ ముందు ఆగింది.

"సార్, మీది కూడా."

లూసియెన్ చెయ్యి కోటు జేబులోని వెండి పెన్ను మీదకి పోయింది. బొటనవేలు దాని మూతని పావు వంతు తిప్పింది. సిరా పెన్నుకి మూత అటువైపు తిరగదు. హెస్టర్ రెండంగల్లో వాన్‌యింగ్‌ని పక్కకి జరిపి బుట్ట తన చేతిలోకి తీసుకుంది.

"ఈ చేత్తో నాకు గుచ్చగలవు," అంది పెదవులు కదలకుండా. "తర్వాత నలభై మంది సాక్షులు. గడియ పెట్టిన తలుపు. నాలుగో అంతస్తు. ఆలోచించుకో."

లూసియెన్ ఆలోచించాడు. వీరమరణం పొందే బాపతు కాదు అతను. సీసాలో ఏముందో ఇంకా ఎవరూ తేల్చలేదు, మాటలతో బయటపడొచ్చని లెక్కేసుకున్నట్టున్నాడు. మూత మళ్ళీ బిగించి పెన్నుని బుట్టలో వేశాడు.

హెస్టర్ బల్ల దగ్గరికి వచ్చింది. చేతిలో ప్రశ్నపత్రం లేదు. మిన్ ముసలాళ్ళు రావడానికి ఇంకా పావుగంట పైన ఉంది.

"డిక్టేషన్. ఒకటో ప్రశ్న, రాయండి. ఒకతను స్నేహితురాలికి 'వచ్చే గురువారం' అని కబురు పంపాడు. ఆమె గురువారం దాకా ఆగింది. తప్పు ఎవరిది?"

నలభై పెన్సిళ్ళు గీరుకున్నాయి.

"పంపినవాడిది కాదు," అన్నాడు వెనక గోడకి ఆనుకున్న లూసియెన్. "రోజు నిజం చెప్పాడు. పీరియడ్ నిజం చెప్పాడు. గది నంబరు కూడా నిజమే చెప్పాడు. ఇంకేం చెయ్యాలి పాపం?"

హెరాన్! మూడేళ్ళుగా బ్యూరో నెత్తిన పెట్టుకున్న హెరాన్ ఇతనే. సైలోకి హత్య చేసిపెడతాడు, బ్యూరోకి ముందే కబురు పంపుతాడు. పని అయిపోయాక రెండు చోట్లా నమ్మకస్థుడే. రెండు పడవల మీద కాళ్ళు వేసి, ఒక్క అబద్ధం కూడా ఆడకుండా ఏరు దాటేసే మనిషి.

"ఇన్విజిలేటర్లు జవాబులు చెప్పకూడదు సార్," అంది వాన్‌యింగ్ కాగితం మీంచి తల ఎత్తకుండా.

"రెండో ప్రశ్న," అంది హెస్టర్. "ఒకడికి ఇద్దరు యజమానులు. ఇద్దరికీ నమ్మకంగా ఉంటాడు, ఇద్దర్నీ ముంచుతాడు. అతన్ని ఏమంటారు? ఒక్క పదంలో."

"అల్లుడు," అని గొణిగాడు మూడో వరసలో ఒకడు. గదంతా కిసుక్కుమంది. ప్రొఫెసర్ మూ మాత్రం నవ్వలేదు. ఆవిడ సీసా వైపు చూసింది, వెనక్కి తిరిగి లూసియెన్ వైపు చూసింది, తర్వాత హెస్టర్ చొక్కాకి అంటుకున్న చెమట వైపు చూసింది. తెగులు ఆకుల్ని ముప్పై ఏళ్ళు చూసిన కళ్ళు అవి. పెన్సిల్ పట్టిన వేళ్ళు ఒక్క క్షణం ఆగి, మళ్ళీ రాయసాగాయి.

"మూడో ప్రశ్న. వాక్యం పూర్తి చెయ్యండి. 'ఆ పెద్దావిడ టీ తాగలేదు, ఎందుకంటే...' దీనికి బాగా ఆలోచించుకోండి. తొందర లేదు."

లూసియెన్ నెమ్మదిగా కిటికీ వైపు జరిగాడు. హెస్టర్ కూడా జరిగింది. అతను తలుపు వైపు చూశాడు. వాన్‌యింగ్ అతని వైపు చూసింది. గడియారం ముల్లు కదలనని మొండికేసింది. ఒకడు మధ్యలో తుమ్మితే ఇద్దరూ ఉలిక్కిపడ్డారు.

పది నలభై మూడుకి తలుపు తట్టారు. వాన్‌యింగ్ గడియ తీసింది.

ఇద్దరు ముసలివాళ్ళు లోపలికొచ్చారు. ఖాకీ రంగు జాకెట్లు, చంకలో నోటుపుస్తకాలు, చేతిలో టీ సీసాలు. పిల్లలందరూ నడుములు నిటారుగా చేసుకున్నారు. చెప్పాపెట్టకుండా వచ్చి చివరి వరసలో కూర్చుని పాఠం ఎలా ఉందో రాసుకునే తనిఖీ పెద్దలు ఎలా ఉంటారో అక్కడ అందరికీ తెలుసు. మిన్ మంచి వేషమే వేయించాడు.

"కానివ్వండి, కానివ్వండి," అన్నాడొకాయన. "మమ్మల్ని పట్టించుకోకండి."

ఇద్దరూ వెనక్కి వెళ్ళి, లూసియెన్‌ని మధ్యలో కూర్చోబెట్టుకుని, చెరోవైపు కూర్చున్నారు. ఒకాయన వైద్యుడు నాడి పట్టినట్టు అతని మణికట్టు పట్టుకున్నాడు. మళ్ళీ వదలలేదు. రెండో ఆయన నోటుపుస్తకం తీసి, కళ్ళజోడు సర్దుకుని, నిజంగానే రాసుకోవడం మొదలుపెట్టాడు.

బెల్లు కొట్టాక ముగ్గురూ కలిసి మెట్లు దిగారు. లూసియెన్ మొదటి మలుపులో కండువా సర్దుకుని వెనక్కి చూశాడు.

"నేను అబద్ధం చెప్పలేదని మాత్రం రాయి హెస్టర్."

"రాస్తాను," అంది ఆమె.

సాయంత్రానికి మిన్ కబురు పంపాడు. సీసాలో ఉన్నది నాలుగు గుండెల్ని ఆపేంత మందట. పెన్నులో ఉన్నది ఇంకో రెంటికి. హెస్టర్ గదిలో కూర్చుని నలభై ఒక్క జవాబు పత్రాలూ ముందేసుకుంది. దిద్దకుండా పారేస్తే వాన్‌యింగ్ ఊరుకోదు మరి. మూడో ప్రశ్నకి ముప్పై తొమ్మిది మంది ఒకటే రాశారు. "ఎందుకంటే టీ చాలా వేడిగా ఉంది." మూడో వరస వాడు "ఎందుకంటే ఆవిడ కాఫీ మనిషి" అని రాశాడు.

చివరి పత్రం మీద పేరు పొటాటో అని ఉంది. అక్షరాలు ఒక్కొక్కటీ విత్తనం నాటినంత జాగ్రత్తగా ఉన్నాయి.

"ఎందుకంటే నా టీచర్ ఆలస్యంగా వచ్చింది, కానీ వచ్చింది."

ఇంగ్లీషులో ఆ ఒక్క వాక్యంలో మూడు తప్పులున్నాయి. హెస్టర్ ఎర్ర పెన్ను తీసింది. కాసేపు పట్టుకుని కూర్చుంది. ఎన్నేళ్ళ తర్వాతో ఆమె ఏడ్చింది, హాయిగా, గట్టిగా, పక్క గదివాళ్ళు గోడ మీద కొట్టేదాకా ఏడ్చింది. ఆ వాక్యాన్ని దిద్దకుండానే పత్రం మడిచి పెట్టేసింది.

సోమవారం పొద్దున్న విదేశీ వ్యవహారాల ఆఫీసు నుంచి పిలుపొచ్చింది. డైరెక్టర్ కావ్ మేడమ్ ముఖం ముడుచుకుని ఉంది. బల్ల మీద ఎర్ర ముద్ర వేసిన కాగితం ఉంది.

"హెస్టర్ టీచర్, మీరంటే మాకు గౌరవమే. కానీ నిన్న మీ క్లాసుకి తనిఖీ పెద్దలెవరో వచ్చారట. రిపోర్టు ఇచ్చి వెళ్ళారు. చాలా వివరంగా రాశారు. బోధన బాగుంది, క్రమశిక్షణ అద్భుతం అన్నారు. కానీ పది పదికి మొదలైన క్లాసుకి టీచర్ పది ఇరవై మూడుకి వచ్చినట్టు పిల్లలు చెప్పారని కూడా రాశారు."

వేషం కట్టినవాడు వేషానికి తగ్గట్టు ఆడాలి కదా. మిన్ ముసలాళ్ళు అరటిపండు ఒలిచినట్టు అంతా రాసి, సంతకాలు పెట్టి మరీ ఇచ్చిపోయారు.

"మన రూల్స్‌లో దీన్ని బోధనా ప్రమాదం అంటారు," అంది కావ్ నొచ్చుకుంటూ. "మూడో తరగతి ప్రమాదం. యూనివర్సిటీలో ఈ సెమిస్టర్‌కి ఇదే మొదటిది. రికార్డులోకి ఎక్కించక తప్పదు. ఇక్కడ సంతకం పెట్టండి."

హెస్టర్ కాగితం మీది ఇంగ్లీషు తర్జుమా చదివింది. ప్రమాదం జరిగిన స్థలం, 412. సమయం, మూడో పీరియడ్. బాధ్యురాలు, హెస్టర్ క్వేల్. కిందన ఒక గడి ఖాళీగా ఉంది.

"ప్రమాదంలో నష్టం అని ఉంది. ఇందులో ఏం రాయమంటారు?"

కావ్ రిపోర్టు మళ్ళీ చూసి, వేళ్ళ మీద లెక్కపెట్టి, తనే పెన్ను తీసుకుని రాసింది.

"పదమూడు నిమిషాలు."